ఆస్మా తలుపుకి తాళం

ఆపా,

నా రాత వంకరగా ఉంటుంది, తప్పులుంటే మన్నించు. ఫోన్లో చెబితే ఆయన వింటారు.

ఆయనకి పనిచ్చిన సౌదీ యజమాని, కఫీల్, ఖోబర్‌లో అంగళ్ల బిల్డింగు కొని, ఆయన్ని దానికి వాచ్‌మన్‌గా పెట్టాడు. మేము పైనే ఉంటున్నాం. పాత తాళంచెవులు ఎవరి దగ్గరున్నాయో తెలియదని తాళాలన్నీ మార్చమన్నాడు. బట్టలు కుట్టే ఆస్మా అంగడి వెనక తలుపుది తప్ప ఆయన అన్నీ మార్చారు.

"ఆమెదెందుకు మార్చలేదు?" అన్నాను.

"పాపం, ఒంటరి మనిషి. నీకెందుకే?" అని నవ్వారు.

ఒళ్లు మండింది. ఆయన జుమ్మా నమాజుకి పోయినప్పుడు నా పెట్టె తాళం ఆ తలుపుకి వేసేశాను.

ఎవరిదో తాళం పడి ఉందని ఆస్మా గోల చేస్తే, అది పాత ఓనరు మనుషుల పనేనని కఫీల్ పోలీసులకు చెప్పాడు. అది నా తాళమని ఆయన గుర్తుపట్టనే లేదు. ఇప్పుడు కఫీల్ ఆయన్ని పొద్దంతా ఆస్మా తలుపు దగ్గరే కాపలా పెట్టాడు. ఆమె ఆయనకి చాయ్ పోస్తోంది.

నిజం చెబితే ఆయన పని పోతుంది, ఊరికి వచ్చేయాలి. అయినా చెప్పేయాలనే ఉంది ఆపా.

చదివి కాల్చెయ్.

నీ చెల్లెలు