వాడేసిన నూనె

ఏవండీ,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. వాడేసిన వంటనూనెతో మీరు చేయాలని తంటాలుపడ్డ డీజిల్‌తో, మీ ల్యాబ్‌లో ఇంజిన్ మొదటిసారి ఆగకుండా నడిచింది. "సార్ చూడాల్సింది కదా ఆంటీ," అంటూ మీ స్టూడెంట్ స్వాతి ఫోన్‌లో ఏడ్చేసింది.

ఆ మాట చెబుదామని, మీకు నూనె దాచిపెట్టే టోవా పాయో పేటలోని అరటిపండు బజ్జీల కొట్టు అంకుల్ దగ్గరికి వెళ్లాను.

"మీ ఆయన రావడమే మానేశారు లా! రెండు డబ్బాలు ఉంచాను," అన్నారు ఇక్కడివాళ్ల యాసలో.

మీరు లేరని చెప్పాను. ఆయన స్టవ్ ఆపేసి, డబ్బాలు శుభ్రంగా తుడిచి నా చేతికిచ్చారు.

ట్రైన్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. కొంగుకి నూనె వాసన అంటింది. మీరు ఆ వాసనతో వస్తే గుమ్మంలోనే ఆపి స్నానానికి తరిమేదాన్ని. ఇప్పుడు నాకు చీర మార్చుకోబుద్ధి కావడం లేదు.