ఈకల తలపాగా నాణెం

మల్లన్నా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. నువ్వు పాణంలెక్క దాసుకున్న 1911 నాటి అమెరికా బంగారు నాణెం అమ్మి, పైసలు వదినెకు పంపుదామని డ్యూటీ అయినంక ఈ పరాయి దేశంల బంగారం దుకాణాలుండే మత్రా బజారుకు పోయిన.

దాని మీది ఈకల తలపాగా మనిషి బొమ్మ సందుల్ల మురికి కనబడ్డది. మెరిస్తే మంచి ధర వస్తదని, మన ఇత్తడి చెంబుల లెక్క చింతపండు, ఉప్పు పెట్టి నిన్ననే తోమిన.

సేటు అద్దం పెట్టి చూసిండు. "అంతా గీతలే. పాత నాణేలు జమచేసేటోళ్లు ఇగ దీన్ని కొనరు. ఉత్త బంగారం ధరే వస్తది. ఎవరు తోమిన్రు?" అన్నడు.

మన రూమ్‌ల ఎవ్వరినీ ముట్టనియ్యక, అంచులు పట్టుకొని చూపెట్టేటోనివి నువ్వు.

"చచ్చిపోయినాయనే తోమిండు" అని చెప్పిన అన్నా.