కింద షాపులో లైటు

జూలై 9

మళ్లీ లేదు. పొద్దున ఉన్న స్కానర్ మధ్యాహ్నానికి లేదు. లాప్‌టాప్ అదే మాట — స్కానర్లేవీ దొరకలేదు.

అది కింద జిరాక్స్ షాపులో, నేను పైన మంచం మీద. మధ్యలో మెట్లు. ఆ మెట్లు దిగొద్దని డాక్టరమ్మ ఆర్డరు. గర్భసంచి మూతికి కుట్టు వేసి పంపించింది, బాత్రూంకి తప్ప లేవొద్దంది. పోయినసారి ఐదో నెలలో పోయింది. ఇప్పుడు ఆరు నడుస్తోంది... రాయాలన్నా భయం.

కిందికి పోయి ఒక్కసారి కేబుల్ పీకి పెడితే అయిపోయే పని. నిజంగా కాళ్లు నేల మీద పెట్టాను కూడా. మళ్లీ పైకి తీసుకున్నాను.

జూలై 10

వాన. కిటికీలోంచి హనుమకొండ అంతా ఒకటే బూడిద రంగు.

మంచం ఎక్కే ముందు నేనే అనుకున్న ఏర్పాటు ఇది. కస్టమర్ కాగితాన్ని మామయ్య స్కానర్ అద్దం మీద పెడతాడు. నేను పైనుంచి స్కాన్ లాగుతాను, ఆన్‌లైన్ అప్లికేషన్ నింపుతాను, కింద ప్రింటు పడుతుంది. పాత స్కానర్. కంపెనీవాళ్లు డ్రైవర్ ఇవ్వడం ఎప్పుడో మానేశారు. షాపు కంప్యూటర్లో ఉచితంగా దొరికే లినక్స్ సిస్టమ్ వేస్తే లేచి కూర్చుంది. ఆ రోజు ఎంత మురిసిపోయానో!

ఇప్పుడిది. మామయ్యను అడుగుదామా అంటే ఆయనకు చెవులు మందం, ఫోన్ ఎత్తడు. వినపడినా, కోడలు మామతో గట్టిగా మాట్లాడే ఇల్లు కాదు మాది. పెళ్లయి నాలుగేళ్లు, ఎదురెదురుగా నాలుగు మాటలు అనుకున్నామో లేదో. నేను పడుకున్న గదిలోకి ఆయన అసలే రాడు. మెట్ల కింద నిలబడి దగ్గుతాడు. అత్తమ్మ దిగి, ఏంటో కనుక్కుని, మోకాళ్లు పట్టుకుని మళ్లీ ఎక్కుతుంది. పాపం.

జూలై 12

మంచం మీదనుంచే వైఫైలో కింది కంప్యూటర్లోకి దిగాను. ఒంటితో దిగొద్దన్నారు కానీ ఇలా దిగొద్దనలేదుగా.

పర్మిషన్లు చూశాను — బాగున్నాయి. ఎవరెవరికి స్కానర్ ఇవ్వాలో రాసే ఫైల్లో నా లాప్‌టాప్ అడ్రసు ఉంది. రౌటర్ అడ్రసు మార్చలేదు. డ్రైవర్ ఉంది. అన్నీ ఉన్నాయి, స్కానర్ ఒక్కటే లేదు.

ఏ దేశంలోనో ఎవరో, ఇదే మోడల్‌తో ఇదే తిప్పలు పడ్డాడు. నెట్ ఫోరంలో పేజీలు పేజీలు రాశాడు. చివరి మాట — ‘దొరికింది, థాంక్స్.’ ఏం దొరికిందో చెప్పలేదు. వాడి మొహం మండ!

జూలై 13

నిద్రా కాదు, మెలకువా కాదు. కింద స్కానర్ లైటు నడుస్తున్నట్టు... అద్దం దాటి, గోడ దాటి, ఇల్లంతా మెల్లగా చూసుకుంటూ వస్తున్నట్టు. నా మంచం కిందికి వచ్చి ఆగింది. లోపల కదిలింది.

లేక అదీ కలేనా?

జూలై 15

లాగ్ చదివాను. కింది మెషిన్ తనకు తాను రాసుకునే డైరీ. యూఎస్‌బీ పరికరం, అంటే స్కానర్, పెట్టారు. తీసేశారు. పెట్టారు. తీసేశారు. ప్రతి స్కాన్ అయిన వెంటనే ఇదే వరుస.

డ్రైవర్ తప్పు కాదు, నెట్‌వర్క్ తప్పు కాదు. ఎవరో స్విచ్ ఆపేస్తున్నారు. ఎవరో ఏంటి, మామయ్యే!

ఒళ్లు మండిపోయింది. ఇన్ని రోజులు ముక్కూ మొహం తెలియని సాఫ్ట్‌వేర్ వాళ్లందరినీ తిట్టుకున్నాను. సాయంత్రం మా ఆయన మహేశ్ స్టేషన్ ఘన్‌పూర్ డ్యూటీ నుంచి రాగానే చెప్పాను. ‘బాపు గంతే. ఇంట్ల ఫ్రిజ్ గూడ బంజేస్తడు’ అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

జూలై 16

అత్తమ్మను అడిగేశాను. గిన్నె పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని మంచం అంచున కూర్చుంది.

‘కరెంటు కోసం గాదు బిడ్డా. ఆ లైటు ఎక్స్‌రే లెక్క ఉంటదట. కడుపుల పిల్లకు మంచిగ గాదట. నువ్వు పైనుంచి నొక్కుతాంటే నీ దాకా వస్తదేమోనని ఆయన ఫికర్. కాయిదం కాంగనే దబ్బున స్విచ్ బంజేసి తువ్వాల కప్పుతాండు. మళ్ల ఏసుడు ఒక్కోపారి యాదికుండది. పోయినసారి నువ్వు దినామూ ఆ మిషన్ ముంగటనే కూసున్నవ్ గద... అప్పటిసంది గదే ఆయన మనసుల. పని వద్దంటే నువ్వు బాధపడ్తవని ఊకున్నడు.’

పోయినసారి దవాఖాన నుంచి వచ్చినప్పుడు ఆయన ఒక్క మాట కూడా అనలేదు. పట్టింపు లేదనుకున్నాను. ఇన్నాళ్లూ అదే అనుకున్నాను.

ఏడుపొచ్చింది. అత్తమ్మ కంగారు — ‘ఏడ్వకు బిడ్డా, కుట్టు...!’ ‘ఏడిస్తే కుట్టు ఊడదు అత్తమ్మా’ అన్నాను. ఇద్దరం నవ్వాం.

జూలై 17

డాక్టరమ్మకు అత్తమ్మే ఫోన్ చేసింది. అది ఉత్త లైటే, టార్చిలైటు లాంటిది, ఏమీ కాదని చెప్పిందట. అత్తమ్మ కిందికి పోయి మామయ్య చెవి దగ్గర నోరు పెట్టి చెప్పింది. గల్లీ మొత్తం వినుంటుంది.

జూలై 18

రోజంతా ఉంది స్కానర్.

జూలై 20

ఎవరిదో ఆధార్ కార్డు రావాలి. స్కాన్ లాగితే ఇంకేదో కాగితం. పెన్సిలుతో పెద్ద పెద్ద అక్షరాలు. ‘రేపు మీ అత్తమ్మ ఉండది. పానం బాగలేకుంటె లైటు వెలిగియ్యి. మూత తెరిచి ఉంచుత. చూసుకుంట కూసుంట.’

మామయ్య రాత ఇంత గుండ్రంగా ఉంటుందని తెలియదు. ఎన్నిసార్లు చదివానో.

రేపు అత్తమ్మ హసన్‌పర్తి పోతుంది, చెల్లెలి ఇంట్లో పండుగ. పొద్దుగూకేలోపు వస్తుంది. కింది కంప్యూటర్లో ఒక సెట్టింగ్ మార్చాను, పని లేనప్పుడు స్కానర్ నిద్రలోకి జారకుండా. ఇంట్లో అందరం పడుకోవచ్చు, అది పడుకోకూడదు.

పనిచేస్తుందో లేదోనని ఒకసారి నొక్కాను. వెంటనే మెట్ల కింద దగ్గు, అత్తమ్మ పరుగు. ఊకె నొక్కొద్దట.

జూలై 21

నడుం దగ్గర మొదలైంది. పొద్దున గ్యాసనుకున్నాను. కాదు. వస్తోంది, పోతోంది, మళ్లీ వస్తోంది. మహేశ్ ఫోన్ కలవడం లేదు.

స్కాన్ నొక్కాను.

కాసేపు ఏమీ లేదు... తర్వాత పైనుంచి గీత గీతగా బొమ్మ. నలుపు. నలుపు. ఏదో నీడ. అంచున తెల్లగా తువ్వాల. అక్కడే కూర్చున్నాడు, అద్దం పక్కనే. బొమ్మ సగం రాకముందే దగ్గు — మెట్ల మీద. కింద కాదు, మెట్ల మీద.

గుమ్మం దగ్గర ఆగి, తల పక్కకు తిప్పుకున్నాడు. తిప్పుకునే ముందే చూశాడు. నా చేయి నడుం మీద ఉంది, అంతే.

‘ఆటో తెస్త బిడ్డా. జర ఓపిక వట్టు.’

పోయాడు. షట్టర్ దించిన చప్పుడు లేదు. ఖాళీగా ఉండలేక రాస్తున్నాను. ఆగు తల్లీ... పిల్లవో పిలగాడివో, ఇప్పుడే వద్దు. ఏడో నెలన్నా పడనియ్యి. లోపల కదిలింది. ఇది కల కాదు.

వచ్చాడు. ఈసారి గుమ్మం దాటి మంచం దాకా వచ్చాడు. ఒళ్లంతా తడిసింది, కాళ్లకు చెప్పులు లేవు. ఆటో అతనూ తనూ షాపు కుర్చీలో కూర్చోబెట్టి నన్ను దింపుతారట. కుర్చీ కోసం తిరిగి, మళ్లీ ఆగాడు.

‘కింద స్విచ్ బంజెయ్యాల్నా బిడ్డా?’

‘ఉండనివ్వండి మామయ్యా!’

అరిచాను. ఇంటికి వినపడేలా అరిచాను. ఆయన విన్నాడు, తల ఊపాడు, దిగాడు.

మెట్ల మీద కుర్చీ తగులుతున్న చప్పుడు. వస్తున్నారు. కాళ్లు నేల మీద పెట్టాను —