ఫెర్గస్ గారికి మాట అందించిన రోజు

చాండ్లర్, అరిజోనా
నవంబరు 2007, ఆదివారం ఉదయం

అన్నయ్యకు,

చెల్లెలు సుగుణ నమస్కారాలు. నువ్వూ, పిల్లలూ హాయిగా ఉన్నారని, వదిన మోకాలి నొప్పి తగ్గి మళ్ళీ మేడ మెట్లు ఎక్కుతోందని అనుకుంటున్నాను. ఇక్కడ మేం ముగ్గురం బాగున్నాం. మాటవరసకి అనడం లేదు, నిజంగానే బాగున్నాం. బెంగపెట్టుకోకు. మీ బావగారికి కంప్యూటరు చిప్పుల కంపెనీలో పని ఎప్పటిలాగే ఉంది. చిన్ని మూడో క్లాసుకొచ్చింది. తెలుగు బాగానే మాట్లాడుతుంది గానీ, 'ళ' పలకమంటే మాత్రం నవ్వేసి పారిపోతుంది. పెనం మీద నిలబడ్డట్టుండే ఎండలు వెళ్ళిపోయి, ఇప్పుడు సాయంత్రాలు మన తెనాలి మాఘమాసంలా ఉన్నాయి.

ఫోన్లో చెప్పొచ్చు కదా, ఇంత ఉత్తరం ఎందుకంటావు. ఫోన్లో చెబితే నువ్వు మధ్యలో పద్యం అందుకుంటావు. ఈ కథ మాత్రం నువ్వు అడ్డం రాకుండా చివరిదాకా వినాలి.

నేను వచ్చిన మొదటి ఏడాది ఎలా గడిచిందో నీకు తెలుసు. నా వీసా మీద ఉద్యోగం చెయ్యకూడదు. డ్రైవింగ్ రాదు. చిన్ని బడికి, ఆయన ఆఫీస్‌కి వెళ్ళాక ఇల్లంతా ఫ్రిజ్ చప్పుడే. ఒక్కోరోజు ఆ చప్పుడుకి తాళం వేసుకుంటూ నీ పద్యాలు పాడుకునేదాన్ని. ఇలా అయితే పిచ్చెక్కుతుందని మీ బావగారే, "లైబ్రరీలో మంగళవారం ఇంగ్లీష్ కాన్వర్సేషన్ క్లాస్ ఉందట, ఫ్రీ. జాయిన్ అవు" అని ఫారం తెచ్చిచ్చారు. నడిచి వెళ్ళే దూరమే.

మొదటి రోజు మా బల్ల దగ్గర ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు. డెబ్భై ఆరేళ్ళుంటాయి. పొడుగు మనిషి, తెల్లటి గుబురు కనుబొమలు, నూతిలో మోగినట్టుండే గొంతు. పేరు ఫెర్గస్. మాకు మాటలు నేర్పడానికి వచ్చిన వాలంటీరు. విచిత్రమేమిటంటే ఇక్కడివాళ్ళ ఇంగ్లీషు నాకు సగమే తెలుస్తుంది. ఆయనది మాత్రం మొదటి రోజే తెలిసిపోయింది. ఎందుకంటే ఆయనది అమెరికా కాదు, స్కాట్లాండ్. ఆయన 'ర' అంటే మన 'ర'లాగే నాలుక మీద గలగలా దొర్లుతుంది.

మీ దేశంలో ఏం పని చేసేవారని ఆయన ఒక్కొక్కరినే అడిగారు. నా వంతు వచ్చింది. ఇంట్లోనే ఉండేదాన్నని చెబుదామనుకున్నాను. నోరు ఊరుకోలేదు.

"నాటకాల్లో తెర చాటున నిలబడి ప్రాంప్టింగ్ చెప్పేదాన్ని. పదేళ్ళ వయసు నుంచి, మా అన్నయ్య నాటక సమాజంలో," అన్నాను.

బల్ల దగ్గర ఎవరికీ అర్థం కాలేదు. ఆయన మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. చెయ్యి చాచి, "అమ్మా, నేను యాభై ఏళ్ళు నటుణ్ణి. నన్ను మీలాంటివాళ్ళు ఎన్నిసార్లు బతికించారో లెక్కలేదు," అన్నారు. ఈ దేశంలో నా పని పేరు చెబితే లేచి నిలబడ్డ మనిషి ఆయనొక్కడే అన్నయ్యా.

ఆ రోజు నుంచి మంగళవారాలు నాకు పండగలయ్యాయి. క్లాసయ్యాక ఆయన తన కథ చెప్పేవారు, నేను మన కథ చెప్పేదాన్ని. నీ రాణి వేషం ఫోటో చూపిస్తే, "ఎవరీ అందగత్తె?" అన్నారు. మా అన్నయ్య అంటే రెండు నిమిషాలు ఫోటో వదల్లేదు. పెద్ద సైజుది కావాలట, పంపించు.

ఆయన పుట్టింది సముద్రపు ఒడ్డున ఓ చేపల ఊళ్ళో. తల్లి చేపలు కోసి ఉప్పు పట్టించేది. తండ్రి ఆ చేపలు నింపే కొయ్య పీపాలు చేసేవాడు. ఈయనా పధ్నాలుగో ఏటే పీపాల కొట్లో చేరారు. ఒకసారి ఊరికి నాటకం కంపెనీ వచ్చింది. వాళ్ళకి దొంగ దాక్కునే సీనుకి పీపా కావలసి వచ్చింది. ఈయన చేసి భుజాన మోసుకెళ్ళారు. తీరా చూస్తే దొంగ వేషగాడు లావుపాటి మనిషి. లోపలికి దిగాడు గానీ పైకి రాలేక ఇరుక్కుపోయాడు. నలుగురూ పట్టి లాగాక, ఎలా రావాలో చూపిస్తానని ఈయన దిగి, మూత పెట్టించుకుని, పిల్లిలా ఒక్క గెంతులో బయటపడ్డారు. మేనేజరు ఎగాదిగా చూసి, "రేపట్నుంచి దొంగవి నువ్వే," అన్నాడట. కంపెనీ ఊరు వదిలి వెళ్తుంటే పీపాతో పాటు ఈయనా బండెక్కేశారు. పీపా ఎక్కడో అప్పగించి వస్తానని తల్లికి చీటీ రాసిపెట్టారు. తిరిగి ఇల్లు చేరింది నాలుగేళ్ళకి!

ఆ నాలుగేళ్ళూ చిన్న చిన్న లంకలకి పడవల మీద తిరిగి నాటకాలాడారు. ఓ లంకలో జోరు వాన. చూడ్డానికి వచ్చింది ఒక్క బడిపంతులు, వానకి తలదాచుకోవడానికి వచ్చిన గొర్రెలు. అయినా మొత్తం నాటకం ఆడారట. ఆఖరున పంతులొక్కడే లేచి చప్పట్లు కొట్టాడట. తర్వాత పెద్ద నగరంలో పెద్ద రంగస్థలం, రాజుల వేషాలు, పేపర్లలో పేరు. ఆ పైన లండన్లో సినిమాలు. సినిమా వాళ్ళు మాత్రం ఈయన్ని చంపడానికే పిలిచేవారు. కత్తిపోటుతో, నీళ్ళలో మునిగి, గుర్రం మీంచి పడి, ఒకసారి ఉడకని చేప తిని. నలభై దాటాక టీవీ సీరియల్ కోసం అమెరికా వచ్చారు. ఓ గొప్పింట్లో ఇంగ్లీషు నౌకరు వేషం. నీ యాస ఎవరికీ అర్థం కాదు, ఇంగ్లీషువాడిలా మాట్లాడమన్నారు. "ఎనిమిదేళ్ళు అలాగే మాట్లాడాను. ఇంటికొచ్చి స్నానం చేస్తే గానీ నా నోరు నాకు దక్కేది కాదు," అని నవ్వేవారు.

ఇంత చెప్పే మనిషి ఒక్క దగ్గర ఆగిపోయేవారు. ఇప్పుడెందుకు ఆడడం లేదని అడిగితే గడియారం చూసుకునేవారు. సంగతి లైబ్రరీలో పనిచేసే లిండా చెప్పింది. ఎనిమిదేళ్ళ క్రితం ఈ రాష్ట్రంలోనే ఏదో ఊళ్ళో నాటకం ఆడుతూ, మధ్యలో మాట పోయి, అలాగే దిగి వెళ్ళిపోయారట. ఆ తర్వాత రంగస్థలం గడప తొక్కలేదు. లైబ్రరీ హాల్లో ఒక గంట మీ జీవితం గురించి చెప్పండని లిండా మూడేళ్ళుగా అడుగుతోందట. మూడేళ్ళుగా వద్దనే అంటున్నారట.

తర్వాతి మంగళవారం నేనే అడిగాను. "మీరు చెప్పండి సార్. నేను సైడ్ వింగ్‌లో నిలబడతాను. మాట పోతే అందిస్తాను."

ఈసారి ఆయన గడియారం చూసుకోలేదు. "నిజంగా నిలబడతావా?" అన్నారు.

"కదలను," అన్నాను.

ఆరు వారాలు రిహార్సల్ చేశాం. ఆయన చెబుతుంటే నేను పుస్తకంలో రాసుకున్నాను. ఎలా రాశానో తెలుసా? ఆయన ఇంగ్లీషంతా మన తెలుగు అక్షరాల్లో! ఇంగ్లీషు స్పెల్లింగుల్లో ఆయన గొంతు పట్టడం లేదు. మన అక్షరాల్లో రాస్తే 'ర'లూ, సాగదీతలూ అన్నీ అచ్చంగా వచ్చేశాయి. మీ బావగారు ఆ పుస్తకం చూసి, "ఇదేం లాంగ్వేజ్ సుగుణా?" అని పడి పడి నవ్వారు. కానీ రిహార్సల్ ఉన్న శనివారాలు వంట ఆయనే చేసేవారు. పప్పు బాగానే పెడతారు.

ఒక్క లోటు మాత్రం ఉండిపోయింది. భార్య గురించి చెప్పే చోటికి రాగానే, "అది నేను చూసుకుంటాలే," అని దాటేసేవారు. నా పుస్తకంలో ఆ పేజీ ఖాళీ. నేను రెట్టించలేదు.

రెండు వారాల క్రితం శనివారం మధ్యాహ్నం మూడు గంటలకి కార్యక్రమం. హాలు నిండిపోయింది. మా అపార్ట్‌మెంట్ల తెలుగువాళ్ళు కూడా వచ్చారు. కొడుకు దగ్గర ఆరు నెలలు ఉందామని వచ్చిన వరంగల్ సత్యం గారు ముందు వరసలో కూర్చున్నారు. ఫెర్గస్ గారి కూతురు కేటీ రెండు గంటలు డ్రైవ్ చేసుకుని వచ్చింది. నేను ఎడమ పక్క తెర చాటున, పుస్తకం పట్టుకుని, చెప్పులు విడిచి నిలబడ్డాను. మన అలవాటు పోదుగా.

మొదలుపెట్టాక అన్నయ్యా, ఏం చెప్పను! ఆ వయసు ఎటుపోయిందో. పీపా దగ్గర జనం కడుపుబ్బా నవ్వారు. లంకలూ గొర్రెలూ అయ్యాయి. నేను అందించాల్సిన పని రెండు చోట్లే పడింది, గాలిలా అందించాను, ఎవరికీ తెలియలేదు. తర్వాత భార్య సంగతికొచ్చి ఆయన, "అప్పుడే ఐలాని కలుసుకున్నాను," అన్నారు.

అంతే. ఆగిపోయారు.

నటనకి ఆగారేమో అనుకున్నారు జనం. నాకు తెలుసు కాదని. ఆయన తల మెల్లగా నా వైపు తిప్పారు. నేను పుస్తకంలోకి చూశాను. ఖాళీ పేజీ. ఇరవై ఏళ్ళకి పైగా ప్రాంప్టింగ్ చెప్పాను గానీ, అందించడానికి మాటే లేని రోజు నాకెప్పుడూ రాలేదు. ఆయన ఒక అడుగు వెనక్కి వేశారు. ఇంకో అడుగు వేస్తే దిగి వెళ్ళిపోతారు.

ఏం చేశానో నాకే తెలియదు. పుస్తకం కింద పెట్టి, బల్ల మీదున్న మంచినీళ్ళ గ్లాసు తీసుకుని, ఒట్టి కాళ్ళతో స్టేజి మీదికి నడిచాను. గ్లాసు చేతికిచ్చి, నాకొచ్చిన ఇంగ్లీషులో అడిగాను.

"సార్, ఐలా గారు ఏం పని చేసేవారు?"

ఆయన నీళ్ళు తాగారు. "బట్టలు కుట్టేది. మా కంపెనీలో వేషాలకి," అన్నారు.

"మీకేం కుట్టారు?"

"నా మొదటి రాజు అంగీ. భుజం దగ్గర బిగుతైంది. ఊపిరి బిగపట్టి రాజ్యం ఏలమంది."

జనం నవ్వారు. నేను వెళ్ళిపోబోతే మోచెయ్యి పట్టుకుని ఆపారు. ఆ పైన నేను అడగక్కర్లేకపోయింది. ఆయన జనానికి కాదు, నాకు చెబుతున్నట్టే చెప్పారు. ఐలా గారు ముప్ఫై నాలుగేళ్ళు ప్రతి నాటకానికీ ఎడమ పక్క తెర చాటున సూదీ దారం పట్టుకుని నిలబడేవారట. ఏదైనా చిరిగితే కుట్టడానికని పైకి చెప్పేవారట. ఈయన మాత్రం ప్రతి సీనులోనూ ఒక్కసారి అటు చూసుకునేవారు. ఆవిడ పోయిన నాలుగు నెలలకి వేషం కట్టారు. అలవాటు కొద్దీ ఎడమ పక్కకి చూశారు. అక్కడ ఎవరూ లేరు. "మాటలు మర్చిపోలేదు. ఎవరికి చెప్పాలో మర్చిపోయాను," అన్నారు.

మూడో వరసలో కేటీ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. ఆయన కూతుర్ని చూసి, చెయ్యి ఊపి, "సరే, ఇక నా చావుల దగ్గరికి వద్దాం," అన్నారు. అందరూ ఒక్కసారి ఊపిరి పీల్చుకుని గొల్లున నవ్వారు.

ఇక ఆ చావులు! కత్తిపోటు చావు, మునిగిపోయే చావు, గుర్రం మీంచి పడే చావు. చేప తిని చచ్చేటప్పటికి పిల్లలు కుర్చీలెక్కారు. సత్యం గారికి ఆనందం ఆగలేదు. లేచి నిలబడి మన పద్ధతిలో, "వన్స్ మోర్!" అని అరిచారు. ఫెర్గస్ గారు చచ్చినట్టే పడుకుని ఒక కన్ను తెరిచి నా వైపు చూశారు.

"ఏం సచ్చిండమ్మా! గట్లనే ఇంకోసారి సావుమను!" అన్నారు సత్యం గారు.

నేను తర్జుమా చేశాను. ఇంత గౌరవం తనకెక్కడా జరగలేదని చెప్పి, ఫెర్గస్ గారు లేచి, చొక్కా దులుపుకుని, మళ్ళీ చేప తిని, ముందటికన్నా ఎక్కువసేపు చచ్చారు. చప్పట్లు ఎంతకీ ఆగలేదు.

అంతా అయ్యాక కేటీ నా రెండు చేతులూ పట్టుకుంది. "ఎనిమిదేళ్ళలో నాన్న అమ్మ పేరు ఎత్తడం ఇదే మొదటిసారి. నేనూ ఎత్తడానికి భయపడ్డాను," అంది. తండ్రీ కూతుళ్ళు ఆ సాయంత్రం మా ఇంటికే భోజనానికి వచ్చారు. మీ బావగారు పప్పు పెట్టారు, నేను వంకాయ కారం పెట్టి చేశాను. ఫెర్గస్ గారు చెవులు ఎర్రబడేదాకా తిన్నారు. వాళ్ళిద్దరూ ఐలా గారి గురించి ఒకరి మాటకి ఒకరు అడ్డొస్తూ చెప్పుకుంటుంటే మేం వింటూ కూర్చున్నాం. చిన్ని నన్ను పక్కకి లాగి, "అమ్మా, యూ వర్ ఆన్ స్టేజ్! నీకు భయం వెయ్యలేదా?" అని అడిగింది. వేసిందో లేదో చూసుకునే తీరిక లేకపోయిందని చెప్పాను.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. ఇక్కడి పెద్దవాళ్ళ నాటక బృందం వసంతంలో వేసే నాటకానికి ఫెర్గస్ గారిని దర్శకత్వం చెయ్యమంది. ఒప్పుకున్నారు. ఒక షరతు పెట్టారు. అందులో పొరుగింటావిడ వేషం సుగుణ వెయ్యాలట. నేను ప్రాంప్టింగ్ మనిషిని, నటిని కాదు అన్నాను. "నువ్వు శనివారం స్టేజి మీదకి ఎలా నడిచి వచ్చావో నేను చూశాను. అది నేర్పితే వచ్చేది కాదు," అన్నారు.

ఆడపిల్ల తెర ముందుకి రాకూడదని నాన్న అన్నప్పుడు నాకు కోపం రాలేదు అన్నయ్యా, నీకూ తెలుసు. నా చీరలు కట్టుకుని నువ్వు రాణివైతే నాకు సంతోషంగానే ఉండేది. కానీ ఇప్పుడు నా వేషానికి పదకొండు మాటలున్నాయి. రోజూ గిన్నెలు తోముతూ చెప్పుకుంటున్నాను. మాటలతో చిక్కు లేదు. చేతులే ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. ఇన్నేళ్ళూ పుస్తకం ఉండేది కదా. నువ్వు రాణి వేషంలో ఊరికే నిలబడినప్పుడు చేతులు ఏం చేసేవాడివో వివరంగా రాయి. పక్కింటి రమణ గారి అబ్బాయి క్రిస్మస్ ముందు వస్తున్నాడట, అతనితో వదిన కందిపొడి కొంచెం పంపించు. ఫెర్గస్ గారికి కూడా కలిపి.

పెద్దమ్మకి, మామయ్యకి నా నమస్కారాలు. వదినకి, పిల్లలకి ముద్దులు. సమాజం వాళ్ళందరినీ అడిగానని చెప్పు. నాన్న ఫోటో దగ్గర దీపం పెట్టినప్పుడు ఈ కబురు ఆయన చెవిన కూడా వెయ్యి. మెల్లగా వెయ్యి. నీ చెయ్యి నా తల మీద ఉందనుకుని మొదటి అడుగు వేస్తాను.

నీ చెల్లెలు,
సుగుణ

తా.క. కవరు అంటించబోతుంటే ఫెర్గస్ గారు ఫోన్ చేశారు. పొరుగింటావిడ ఆఖరి సీనులో ఒక పాట పాడితే బాగుంటుందని ఆయనకి తోచిందట. ఏ భాషలో అని అడిగాను. నీ భాషలోనే అన్నారు. ఏ రాగంలో పాడమంటావు?