మీటింగుల వేళ మగ్గం

జులై 10, సోమవారం. పొద్దునకల్లా మనసు మెత్తబడకూడదని ఇప్పుడే రాస్తున్నాను.

మనవరాలు స్రవంతి ఇంటి నుంచే కంపెనీ పని చేస్తోంది. ఆమె మీటింగుల్లో చప్పుడు వినబడకూడదని ఆమె తండ్రి, నా కొడుకు, మగ్గం ఆపి కూర్చుంటున్నాడు. ఈరోజు మాకు నూలు ఇచ్చి చీరలు నేయించే షావుకారు వచ్చాడు. చీర పూర్తి కాలేదు కాబట్టి తర్వాతి చీర పడుగు దారాలు వేరే ఇంటికి ఇస్తానన్నాడు.

"రేపటిసంది హైదరాబాద్ ఆఫీసుకే పోత బాపూ," అంది స్రవంతి.

"రాత్రి బస్సుల ఒక్కదానివే వస్తవా? మగ్గం ఆగితే ఆగనీ బిడ్డా."

"నువ్వు గిట్ల ఖాళీగ కూసుంటే నాకు పని సాగుతదా?"

"పోనియ్‌రా," అన్నాను నేను. వాడు నా వైపు చూడలేదు. చీకటి ప్రయాణమంటే నాకూ భయమే, కానీ మగ్గం ఆగకూడదు. అందుకే రేపటి నుంచి ఇలా చేయాలి:

1. స్రవంతి పొద్దున మొదటి బస్సుకే పోవాలి.
2. రాత్రి మా పోచంపల్లి బస్టాండులో వాడు ఆమె కోసం ఎదురుచూడాలి.
3. ఆలస్యమైన రోజు నేను ఆమెను కోప్పడకూడదు. ముందు అన్నం పెట్టాలి.