రెండు గంటల నలభై నిమిషాలు

10 ఏప్రిల్ 2025, గురువారం. మధ్యాహ్నం 3

ఈ రోజు నా వేలిముద్రలు తీసుకున్నారు. నలభై మూడేళ్లొచ్చాయి. నరసాపురంలో ఉన్నన్నాళ్లూ, జర్మనీలో ఈ హార్జ్ కొండల్లో ఏడేళ్లూ, పార్కింగ్ ఫైను కూడా కట్టని మనిషిని.

జరిగింది జరిగినట్టు రాసుకోవాలి. మర్చిపోతానని కాదు. రేపు ఎవరికి కావాల్సినట్టు వాళ్లు చెప్తారు.

పొద్దున 7:20కి హెర్ ఆరెన్స్ ఇల్లు. ఎనభై ఆరేళ్లు. గనిలో పనిచేసి రిటైరైన మనిషి. భార్య పోయి ఐదు నెలలు. నేను రోజూ వెళ్లి కాళ్లకి బిగుతు మేజోళ్లు తొడిగి, మాత్రలిచ్చి వస్తాను. హోమ్ కేర్ నర్సు డ్యూటీ అంతే, ఇంటికి ఇరవై నిమిషాలు. ఈ రోజు మేజోళ్లు వద్దన్నాడు. ఇక వాటితో పని లేదన్నాడు. పేపరు మాన్పించేశానన్నాడు. మంచం మీద గని వాళ్లు పండగలకీ చావులకీ వేసుకునే నల్ల యూనిఫాం ఇస్త్రీ చేసి పరిచి ఉంది. వంటింటి బల్ల మీద గిన్నెలు తుడిచే గుడ్డ, గుడ్డ కింద పిస్తోలు. అడిగితే దాచలేదు. వాళ్ల నాన్నది, యుద్ధం నాటిదట. ఈ రోజు మా పెళ్లి రోజు అన్నాడు.

తర్వాత వాకర్ పట్టుకుని బాత్రూంకి వెళ్లాడు. వెళ్లి రావడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. రోజూ చూసేదాన్ని, నాకు తెలీదా. గ్లౌజుల డబ్బా ఖాళీ చేసి, గుడ్డతో సహా దాన్ని అందులో పెట్టి బ్యాగులో వేసుకున్నాను. టైము 7:40.

దొంగచాటుగా పోలేదు. ఆయన వచ్చాక మొహం మీదే చెప్పాను, తీశాను అని. దొంగతనం అన్నాడు. అవునన్నాను. డాక్టరమ్మది పక్క వీధే. ఫోన్ చేస్తే పది నిమిషాల్లో వచ్చి ఆయన దగ్గర కూర్చుంది.

అక్కణ్ణించి ఫ్రావు కోల్బె ఇల్లు. ఆవిడకి చూపు లేదు, ఒక్కతే ఉంటుంది, ఎనిమిదికి ఇన్సులిన్. తర్వాత కెథెటర్ మూసుకుపోయిన ఒక పెద్దాయన. ఆయన నొప్పికి ఏడుస్తున్నాడు. ఈ రెండూ అయ్యాక నేరుగా పోలీస్ స్టేషన్. 10:20. పిస్తోలు అంతసేపూ కారు డిక్కీలో ఉంది.

డబ్బా కౌంటర్ మీద పెట్టి, ఇందులో పిస్తోలుంది, తీసుకోండి అన్నాను. అక్కడున్న ఆయన కుర్చీ వెనక్కి తన్నుకుని లేచాడు. నన్ను గోడకి తిరిగి చేతులు పెట్టమన్నారు. పెట్టాను.

ఎక్కడిదంటే పేషెంట్ ఇంట్లోది అన్నాను. ఎందుకు తీశావంటే చెప్పనన్నాను. ఒక ముసలాయన వంటింట్లో నాతో అన్న మాట ఆయనది. దాన్ని కౌంటర్ మీద పెట్టడానికి నాకు హక్కు లేదు.

11 ఏప్రిల్

టూర్ నుంచి, అంటే ఇల్లిల్లూ తిరిగే డ్యూటీ నుంచి తీసేశారు. ఆఫీసులో ఫైళ్లు సర్దమన్నారు. హెర్ ఆరెన్స్‌ని నిన్నే క్లినిక్‌కి తీసుకెళ్లారట, ఇంట్లో తూటాలు కూడా దొరికాయట. పేరూ అడ్రసూ మా మేనేజరే పోలీసులకి ఇచ్చింది.

26 ఏప్రిల్, శనివారం

మా అమ్మాయి ఫెలిషా ఆయుధాల చట్టం తెరిచి కూర్చుంది. పదిహేడేళ్లు దానికి. నేను తెలుగులో అడుగుతాను, అది జర్మన్‌లో చెప్తుంది, మధ్యలో మేమిద్దరం ఇంగ్లిష్‌లో పోట్లాడుకుంటాం.

ఇది దేశం మొత్తానికీ ఒకటే చట్టమట. ఈ రాష్ట్రంలో ఒకటి, పక్క రాష్ట్రంలో ఒకటి కాదు. అనుమతి లేకుండా అలాంటి పిస్తోలు దగ్గరుంటే ఆరు నెలల నుంచి ఐదేళ్లు. కేసు చిన్నదని కోర్టు అనుకుంటే మూడేళ్ల లోపు, లేదా జరిమానా. ఉంచుకోవడం ఒక నేరం. ఇల్లు దాటించి పట్టుకెళ్లడం ఇంకో నేరం. దానికి వాళ్లు వాడే మాట ఫ్యూరెన్. కారు నడపడానికీ అదే మాట, మనుషుల్ని నడిపించడానికీ అదే మాట. నేను దాన్ని నడిపించలేదే, మోశాను, చచ్చిన ఎలకని బయట పారేయడానికి మోసినట్టు. చట్టానికి ఆ తేడా లేదమ్మా అంది ఫెలిషా.

అయితే ఆయుధం చేతికొచ్చిన మనిషి వెంటనే తెలియజేయాలని కూడా ఉంది. వెంటనే అంటే ఎంత అని అడిగాను. చాలాసేపు వెతికింది. ఇంకో చట్టంలో దొరికింది: తప్పుపట్టదగ్గ ఆలస్యం లేకుండా. ఆ వాక్యం నాచేత మూడుసార్లు చదివించింది. ఆలస్యం లేకుండా అని లేదు. తప్పుపట్టదగ్గ ఆలస్యం లేకుండా అని ఉంది.

మా ఆయన దేవరాజు గుమ్మంలో నిలబడి విన్నాడు. పిల్లని ఇందులోకి లాగకన్నాడు. అది నేను పిలిస్తే వచ్చింది కాదు.

18 మే, ఆదివారం

నెలకోసారి ఫ్రాంక్‌ఫర్ట్‌లో తెలుగు ఆరాధన. మూడున్నర గంటల డ్రైవ్. ఈసారి మా కంటే ముందు మా కబురు చేరింది. గన్ కేసు అట. ఎవరో నర్సు ముసలివాళ్లని బెదిరించిందన్నంత వరకూ వెళ్లింది.

శ్యామలాదేవి ఆంటీ ప్రార్థన మొదలుపెట్టింది. తప్పు చేసిన మా సహోదరిని క్షమించు ప్రభువా అంది. నేను కళ్లు తెరిచాను. లేచి నిలబడి, ఆంటీ, ప్రార్థన చేయండి, కానీ తప్పు చేసిన అన్న మాట తీసేయండి అన్నాను. ఆంటీ కళ్లు మూసుకునే, కష్టంలో ఉన్న మా సహోదరిని అని మొదలుపెట్టింది మళ్లీ. పెద్దమనసే ఆవిడది.

తిరిగొచ్చేటప్పుడు కాసెల్ దాటాక దేవరాజు, నువ్వు లేచినప్పుడు నా కాళ్లు చల్లబడ్డాయి అన్నాడు.

3 జూలై

పసుపు కవరు వచ్చింది. స్ట్రాఫ్‌బెఫేల్. అంటే విచారణ లేకుండానే శిక్ష రాసి ఇంటికి పంపిన కాగితం. నూట ఇరవై రోజుల జీతానికి సరిపడా జరిమానా. ఒప్పుకుంటే కట్టాలి. ఒప్పుకోకపోతే రెండు వారాల్లో రాసివ్వాలి.

నా వైపు ఏం జరిగిందో ఎవరూ అడగలేదు. అడిగారులే, నేను చెప్పలేదు. అయినా కోపం వస్తోంది.

9 జూలై

లాయర్‌తో అపాయింట్‌మెంట్. ఫ్రావు బ్రాండిస్. అరవై ఏళ్లుంటాయి, పొట్టి జుట్టు, మాట కత్తి.

డబ్బు విషయం పక్కన పెట్టమంది. తొంభై రోజులు దాటిన శిక్ష పోలీస్ సర్టిఫికెట్ మీద కనిపిస్తుంది. ఆ సర్టిఫికెట్ చూడకుండా నర్సు ఉద్యోగం ఎవరూ ఇవ్వరు. మా పౌరసత్వం అప్లికేషన్ కూడా అక్కడే ఆగుతుంది. ఆవిడ సలహా ఏంటంటే, నేరం ఒప్పుకుని శిక్ష ఒక్కటే తగ్గించమని అడగడం. తొంభైకి దించగలనంది. పూర్తిగా ఎదిరిస్తే కోర్టుకి చేతులు కట్టేసి ఉండవు, నూట ఇరవై నూట యాభై కూడా కావచ్చంది.

ఇంకో దారి ఉంది. ప్రాణం కాపాడటానికి వేరే మార్గం లేక చట్టం దాటితే అది నేరం కాదు, చట్టంలోనే ఉంది. కానీ దానికి ఎవరి ప్రాణం, ఎందుకు అన్నది నేను చెప్పాలి. హెర్ ఆరెన్స్ ఒప్పుకుంటేనే చెప్తానన్నాను. ఇలాంటి పరిస్థితిలో చెప్పినా తప్పు కాదంది ఆవిడ. మీకు కాదేమో అన్నాను. ఆవిడ కళ్లజోడు తీసి నన్ను చూసింది. సరే, ఆయనకి ఉత్తరం రాస్తానంది.

10 జూలై

రాత్రి భోజనాల దగ్గర గొడవ. తొంభైకి దిగితే చాలు, ఎవరికీ తెలీదు, అయిపోతుంది అన్నాడు దేవరాజు. నాకు తెలుస్తుంది అన్నాను. నీకొక్కదానికేనా కుటుంబం అన్నాడు. మాకంటే ముందే వచ్చి యూనివర్సిటీ ల్యాబులో పదేళ్లుగా ఎవరి కంటా పడకుండా తలొంచుకుని పనిచేసిన మనిషి. ఆయన భయం నాకు అర్థం కాక కాదు. ఈ దేశంలో మన పేరు ఒక్కసారి తప్పు డబ్బాలో పడితే తీసేవాడుండడు అన్నాడు. అందుకే పడనివ్వను అన్నాను.

ఫెలిషా పళ్లెం తీసుకుని పైకి పోయింది.

15 జూలై

రాసిచ్చాం. పూర్తిగా, శిక్ష మీద మాత్రమే కాదు. సంతకం పెట్టేటప్పుడు ఫ్రావు బ్రాండిస్ మళ్లీ అడిగింది. పెన్ను ఇవ్వమన్నాను.

23 ఆగస్టు

బేకరీలో హెర్ ఆరెన్స్ కనిపించాడు. చిక్కిపోయాడు. ఇంటికొచ్చేసి చాలా రోజులైందట, ఇప్పుడు వేరే నర్సు వెళ్తోంది. గుడ్ మార్నింగ్ అన్నాను. మొహం తిప్పుకుని రొట్టెల వైపు చూస్తూ నిలబడ్డాడు. కాళ్లు వాచి ఉన్నాయి. మేజోళ్లు సరిగ్గా తొడగడం లేదు ఎవరో.

లాయర్ రాసిన ఉత్తరానికి జవాబు రాలేదు.

10 నవంబరు

రేపే విచారణ. నీలం చీరా, నల్ల కోటా? కోటు వేసుకోమంది ఫెలిషా. చీర కట్టుకుంటాను.

11 నవంబరు, మంగళవారం. సాయంత్రం 5

కింద ఊళ్లో కోర్టు. చిన్న గది, బడి తరగతి లాగా ఉంది. జడ్జి ఒక ఆడమనిషి. ప్రాసిక్యూటర్ కుర్రవాడే, జలుబుతో ఉన్నాడు. దుభాషి కావాలా అన్నారు, వద్దన్నాను. వెనక బెంచీలో దేవరాజు, ఫెలిషా. సెలవు పెట్టి వస్తాడనుకోలేదు.

ఎందుకు తీశారని జడ్జి అడిగింది. పేషెంట్ అనుమతి లేకుండా చెప్పనన్నాను. మీకే నష్టం అంది. తెలుసన్నాను. ఫ్రావు బ్రాండిస్ బల్ల కింద నా మోకాలు నొక్కింది.

అప్పుడు సాక్షిని పిలిచారు. హెర్ ఆరెన్స్ వాకర్ తోసుకుంటూ వచ్చాడు. ఆ నల్ల యూనిఫాంలో, ఇత్తడి గుండీలు మెరుస్తూ. పిస్తోలు సంగతి చెప్తే మీ మీదే కేసు గట్టిపడుతుంది, జవాబు చెప్పకుండా ఉండే హక్కు మీకుంది అని జడ్జి వివరంగా చెప్పింది. నాకు ఎనభై ఆరేళ్లు, రాసుకోండి అన్నాడు.

పిస్తోలు నాదే అన్నాడు. తూటాలు పెట్టి ఉంది అన్నాడు. ఆ రోజు పొద్దున్నే పని ముగించాలనుకున్నాను, ఈవిడకి మేజోళ్లు వద్దని చెప్పడం నా పొరపాటు అన్నాడు. ఈవిడ పోలీసులకి ఫోన్ చేసి ఉంటే అని ప్రాసిక్యూటర్ మొదలుపెట్టాడు. హెర్ ఆరెన్స్ మధ్యలోనే ఆపాడు. ఫోన్ ఎత్తిన శబ్దం వింటే బాత్రూం నుంచి వచ్చి ముందు ఆ పనే చూసుకునేవాణ్ణి, మీ కారు కొండెక్కేలోపు అయిపోయేది అన్నాడు.

ఆమెకి రుణపడి ఉన్నాననుకుంటున్నారా అని జడ్జి మెల్లగా అడిగింది. లేదు అన్నాడు. ఇంకా క్షమించలేదు అన్నాడు. కానీ ఆవిడ అబద్ధం ఆడలేదు, నా మాట ఎవరికీ అమ్మలేదు, ఇక చెప్పొచ్చు అన్నాడు. నా వైపు చూడలేదు.

చెప్పాను. అంతా. ప్రాసిక్యూటర్ ముక్కు తుడుచుకుని, సరే, తీయడం అర్థమైంది, డాక్టర్ వచ్చాక రెండు గంటల నలభై నిమిషాలు ఎందుకు అన్నాడు. పది నిమిషాలు తీసేయండి అన్నాను. పోలీసులు వస్తే అక్కడే ఉండమంటారు. ఫ్రావు కోల్బెకి ఎనిమిదింటి ఇన్సులిన్ ఎవరిస్తారు? చార్టు చూపించింది ఫ్రావు బ్రాండిస్. 8:10, షుగర్ ఎంత, ఎన్ని యూనిట్లు, నా సంతకం. తర్వాత కెథెటర్, 8:55 నుంచి 9:50. తర్వాత కొండ దిగే దారి. వెంటనే అన్న మాటకి చట్టం ఇచ్చిన అర్థం కూడా చదివింది.

జడ్జీ, ప్రాసిక్యూటరూ తలలు దగ్గర పెట్టుకున్నారు. జడ్జి నా వైపు తిరిగింది. కేసు ఇక్కడితో మూసేద్దాం అంది. శిక్ష లేదు, జరిమానా లేదు, రికార్డు లేదు. తప్పు స్వల్పమైనదని మూసేస్తాం, మీరు ఒప్పుకుంటే చాలు. వెనక దేవరాజు ఊపిరి వదలడం విన్నాను. ఫ్రావు బ్రాండిస్ అవునని రాసేసుకుంటోంది.

స్వల్పమైనదంటే ఉన్నట్టేగా అన్నాను.

జడ్జి అర్థం కానట్టు చూసింది. తప్పు చిన్నదంటున్నారు, నేను లేదంటున్నాను, ఒప్పుకోను, తీర్పు ఇవ్వండి అన్నాను. తీర్పు మీకు వ్యతిరేకంగా రావచ్చు, ఆలోచించుకోండి అంది జడ్జి. దేవరాజు వైపు చూశాను. తలూపుతాడనుకున్నాను, ఒప్పుకోమని. ఆయన లేచి నిలబడ్డాడు. ఆమె చెప్పింది కదండీ అన్నాడు, జర్మన్‌లో, కాస్త గట్టిగా. కూర్చోమన్నారు. కూర్చున్నాడు.

ఇరవై నిమిషాల తర్వాత తీర్పు. నిర్దోషి.

కారిడార్‌లో ఫ్రావు బ్రాండిస్, ముప్పై ఏళ్ల సర్వీసులో ఇలా వద్దన్నవాళ్లు మీరు మూడోవారు, మొదటి ఇద్దరూ ఓడిపోయారు అంది. ఆ సంగతి ముందే చెప్పి ఉంటే ఏం చేసేవారంది. ఇదే చేసేదాన్ని అన్నాను. నిజమో కాదో నాకూ తెలీదు.

హెర్ ఆరెన్స్ అప్పటికే టాక్సీ ఎక్కి వెళ్లిపోయాడు.

19 నవంబరు

ప్రాసిక్యూటర్ అప్పీలు చేయలేదు. వారం గడువు నిన్నటితో అయిపోయింది. ఇక ఎవరూ తిరగతోడలేరు.

1 డిసెంబరు

మళ్లీ టూర్. లిస్టులో మొదటి పేరు హెర్ ఆరెన్స్. ఎవరిని పంపినా వెనక్కి పంపేస్తున్నాడట. ఎడమ కాలు, కుడి కాలు, మాత్రలు.

9 డిసెంబరు

ఆయనకీ పసుపు కవరు వచ్చింది. నేను వెళ్లేసరికి కళ్లజోడు పెట్టుకుని దాని ముందు కూర్చున్నాడు, మొహం కందగడ్డలా ఉంది. మా నాన్న వస్తువు మా నాన్న ఇంట్లో ఉంటే నేరమా అన్నాడు. అవునన్నాను. ఎదిరించడం ఎలా అన్నాడు. రెండు వారాల గడువు, చేత్తో రాసినా చాలు అన్నాను. విచారణ ఎప్పుడు పెడతారన్నాడు. వచ్చే వేసవి అవుతుందేమో అన్నాను.

అప్పటిదాకా ఉంటాలే అన్నాడు.

కుడి కాలు ముందుకు చాపాడు.