అత్తగారి పసుపు రంగు బిళ్ళ

చిరంజీవి సౌభాగ్యవతి కోడలికి మీ అత్తయ్య దీవించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను అని రాయబోయి ఆగాను. క్షేమంగా లేరని నీ ఉత్తరమే చెబుతోంది కదా.

గోధుమ పడని నా జబ్బే మన పిచ్చుకకీ వచ్చిందని చదివాను. ఆస్తులేమీ ఇవ్వలేని నాయనమ్మ మనవరాలికి ఇదొకటి ఇచ్చింది. గోధుమ తగలకుండా చూసుకుంటే పిల్ల మళ్ళీ పుంజుకుంటుంది, భయపడకు. నన్ను చూడు, ఈ వయసులోనూ అందరి మీదా నోరు పారేసుకునేంత ఓపిక ఉంది.

నీ ప్రశ్నలకు వస్తాను. అక్కడికి వెళ్ళాకే మీకు నయమైంది కదా, వదిన ఎలా వండుతోంది అని అడిగావు. నా కూతురు మామూలుగానే వండుతోంది. నా గిన్నెలు వేరుగా పెడుతుంది, అంతే. నువ్వు నాకోసం పడిన పాట్లలో సగం కూడా పడదు. నువ్వైతే నా గిన్నెలు తోమే పీచు కూడా వేరే మేకుకి తగిలించేదానివి.

"నా వంటగదిలో తప్పెక్కడ జరిగిందో చెప్పండి అత్తయ్యా, పిల్లకి అన్నం పెట్టాలంటే భయమేస్తోంది" అని రాశావు. గిన్నెలన్నీ పారేశావట. అబ్బాయి కొనుక్కొచ్చే సీలు డబ్బాల తిండే పిల్లకి పెడుతున్నావట. ఆ మాట దగ్గర కళ్ళజోడు తీసి పక్కన పెట్టేశాను.

నీ వంటగదిలో ఏ తప్పూ జరగలేదు. తప్పు నా మందుల డబ్బాలో ఉంది.

థైరాయిడ్‌కి నేను పొద్దున్నే వేసుకునే బిళ్ళ ఉంది కదా, షాపులో పాత కంపెనీది లేదని వేరే కంపెనీ జనరిక్ ఇచ్చారు. తెల్లగా ఉండేది పసుపు రంగులోకి మారింది. మందు అదే కదా అని మింగేశాను. కడుపునొప్పి మొదలైంది ఆ తర్వాతే. గోధుమ తగిలితే నాకు వచ్చే నొప్పే అది. ఇంకేం, నీ గరిటెకి అంటుకుని ఉంటుందని ఊరూవాడా నిన్ను ఆడిపోసుకుని, మీ వదినను పిలిపించుకుని వాళ్ళింటికి బయల్దేరాను. నీ గరిటెలన్నీ వాసన చూసినదాన్ని, నా బిళ్ళ రంగు ఎందుకు మారిందని అడగలేదు. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అని ఊరికే అన్నారా!

బయల్దేరే ముందురోజు, ప్రయాణానికి మందులు తీసుకుందామని షాపుకెళ్తే, నా ముందున్న ఒకావిడ "దీంట్లో గ్లూటెన్ ఉందా అండీ?" అని అడుగుతోంది. మందులో గోధుమేమిటి, చోద్యం కాకపోతే, అని నవ్వుకున్నాను. అయినా నా వంతు వచ్చాక నేనూ అడిగాను. షాపు అమ్మాయి లోపలి కాగితం చదివింది. "స్టార్చ్ అని ఉందమ్మా, ఏ పిండో రాయలేదు. బిళ్ళ విరిగిపోకుండా కలుపుతారు. ఎక్కువగా మొక్కజొన్నదే ఉంటుంది. కంపెనీకి ఫోన్ చేసి కనుక్కుంటాను, రేపు రండి" అంది. మర్నాడు వెళ్తే, "మంచి పని చేశారమ్మా అడిగి. ఇది గోధుమదేనట" అంది. డాక్టరుతో మాట్లాడి, గోధుమ లేదని కనుక్కున్న ఇంకో కంపెనీది ఇచ్చింది. నాకు నయమైంది ఆ బిళ్ళతో, మీ వదిన వంటతో కాదు.

ఇప్పుడు అసలు మాట. ఆ మర్నాడే నేను బయల్దేరిన రోజు. బస్సెక్కేటప్పటికే నాకు తెలుసు తల్లీ. మీ వదిన ముందు, అబ్బాయి ముందు అన్న మాటలన్నీ వెనక్కి తీసుకోవాలంటే నోరు రాలేదు. నువ్వేమో కొత్త డబ్బా కొని, అందులో అన్నం పెట్టుకుని బస్టాండుకి పరిగెత్తుకొచ్చావు. "అన్నీ కొత్తవే అత్తయ్యా, ఈ ఒక్కపూట తినండి" అన్నావు. ఆ అన్నంలో ఏమీ లేదని తెలిసి కూడా, బస్సు కదిలాక పక్క సీటావిడకి ఇచ్చేశాను. మీ వదిన చూస్తోంది కదా, తింటే నా మాట అబద్ధమైపోతుంది. ఆవిడ తింటూ, "మీ కోడలి చెయ్యి మంచిదండీ" అంది. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఆకలికి కడుపు మాడిపోయింది. మాడాల్సిందే.

ఈ ఉత్తరం కవరులో పెట్టే ముందు మీ వదినకి చదివి వినిపించాను. "ఇన్నాళ్ళూ అందరూ నా వంటని పొగుడుతుంటే ఎలా వింటూ కూర్చున్నావమ్మా?" అంది. అబ్బాయికి నువ్వే చదివి వినిపించు. ఏదీ దాచకు.

పిల్లకి దగ్గు మందైనా, జ్వరం బిళ్ళైనా, కంపెనీ మారినప్పుడల్లా షాపులో అడుగు. వాళ్ళకి తెలియకపోతే కనుక్కోమను. నన్ను క్షమించమని అడిగే మొహం నాకు లేదు. అది నీ ఇష్టం. కానీ మధ్యలో పిల్లేం చేసింది? ఈ పూట పొయ్యి వెలిగించి, దానికి నీ చేత్తో వండి పెట్టు.

ఇట్లు,
తెలిసీ నోరు విప్పని
మీ అత్తయ్య